చీనీ తోటలోకి కొత్త మడత చాకు: ముంగారి వానలకు ముందు జాగ్రత్తలు

మంచి మడత చాకు చేతికొచ్చిన మొదటిరోజు ఎవరైనా చేసేది ఒకటే పని. తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. అలుగు, అంటే బ్లేడు, టక్కుమని నిలబడుతుంది, అటూ ఇటూ ఊగదు. కాగితం అంచున పెడితే చప్పుడు లేకుండా దిగిపోతుంది. సంతలో కొన్న చాకుతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చినవాళ్లకు ఇదంతా కొత్తే. "చాకుకు వేలు పోస్తారా?" అని ఇంట్లో సణిగినా, తోటపని తెలిసినవాళ్లు ఒకసారి పట్టుకుని చూస్తే మారు మాట్లాడరు.

అయితే అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో ఈ చాకుకు అసలు పని పడేది ముంగారి (తొలకరి) వానలకు ముందే. ఎండుపుల్ల తీయాలి, అంటు కింద నుంచి మొలిచే రంగపూర్ నిమ్మ పిలకలు (చీనీని అంటుకట్టిన వేరుమొక్కవి) కోయాలి, బంక కారిన చోట బెరడు గీకాలి. ఆ రోజుల్లో కొమ్మలతోపాటు వేళ్లు కూడా తెగుతుంటాయి.

మొద్దు చాకుకు అలవాటుపడిన చెయ్యి బలం పెట్టి తోస్తుంది. అంతే బలం కొత్త చాకు మీద పెడితే పిలక తెగాక కూడా అలుగు ఆగదు. అందుకే తోటకు తీసుకెళ్లేముందు కొన్నాళ్లు ఇంటి దగ్గరే అట్టపెట్టెలు, సుతిలి తాళ్లు, వేపపుల్లలు కోసి చేతికి మచ్చిక చేసుకోండి. పదును చూడాలంటే కాగితం చాలు, బొటనవేలు వాదర (పదునైన అంచు) మీద పెట్టి లాగొద్దు. రెండో చెయ్యి ఎప్పుడూ అలుగు వెళ్లే దారికి వెనకాలే ఉండాలి. చీనీ చెట్టుకు ముళ్లు కూడా ఉన్నాయని మరిచిపోవద్దు. ముల్లు గుచ్చుకోగానే చెయ్యి తనంతట తానే వెనక్కి వస్తుంది, ఆ చేతిలో తెరిచిన చాకు ఉంటే ఎక్కడ తగులుతుందో చెప్పలేం. కొమ్మను పట్టుకునే చేతికి మందపాటి గ్లవుజు వేసుకోండి. కూర్చుని తొడ మీద ఆనించి పుల్ల చెక్కే అలవాటు పూర్తిగా మానాలి. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఇక తెరిచిన అలుగు మూసుకుపోకుండా పట్టి ఉంచే లాకు సంగతి. మీ చాకు ఏ రకమో ముందు తెలుసుకోండి. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో చాలావాటికి లాకే ఉండదు, అలుగును స్ప్రింగు బిగువు మాత్రమే నిలబెడుతుంది. దాంతో కోయొచ్చు కానీ పొడవకూడదు, మొన దేనికైనా తట్టుకుంటే అలుగు వెనక్కి మడుచుకుని వేళ్ల మీద పడుతుంది. ఫ్రాన్స్‌లో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్‌కు ఒక రింగు ఉంటుంది. 1955లో చేర్చారు దాన్ని. తెరిచాక ఆ రింగు తిప్పితేనే లాకు పడ్డట్టు, తిప్పడం మరిస్తే లాకు లేనట్టే. దాని పిడి చెక్కది కాబట్టి వానలో ఉబ్బి అలుగు బిగుసుకుంటుంది, బలంగా లాగకుండా ఆరనివ్వండి.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోతున్నవి లోపల పల్చటి రేకు పక్కకు జరిగి అలుగు మడమకు అడ్డంపడే రకం. వీటిని తెరిచేటప్పటికంటే మూసేటప్పుడే ప్రమాదం. రేకును పక్కకు నొక్కే బొటనవేలు సరిగ్గా అలుగు దిగే దారిలో ఉంటుంది. రేకు నొక్కండి, అలుగును కొద్దిగా మాత్రం కదిలించండి, బొటనవేలు బయటికి తీయండి, ఆ తర్వాతే పూర్తిగా మూయండి. చేతులకు బంకో చెమటో ఉన్నప్పుడు ఒంటిచేత్తో మూసే షోకులు వద్దు. రోజూ పని మొదలుపెట్టేముందు, వేళ్లు దారిలో లేకుండా పట్టుకుని, అలుగు వెనకవైపు మెల్లగా నొక్కి చూడండి. లాకు జారితే ఆ రోజుకు ఆ చాకు పక్కనపెట్టండి. రేకు కింద ఇరుక్కున్న మట్టిరేణువు చాలు, లాకు సగమే పడటానికి.

బంక తెగులు పట్టిన చెట్టు దగ్గర ఇంకో తప్పు చూస్తుంటాం. గట్టిపడిన బంకను మొనతో పెకలిస్తారు. మంచి ఉక్కు గట్టిది, గట్టిది కాబట్టే పక్కకు వంచితే మొన విరుగుతుంది. పెకలించడానికి పాత ఉలి వాడండి. చాకుతో కుళ్లిన బెరడును మాత్రమే పైపైన గీకండి, అదీ మీ ఒంటికి దూరంగా. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు అలుగును స్పిరిటుతో తుడవాలి. బ్లీచింగ్ నీళ్లలో ముంచితే స్టెయిన్‌లెస్‌కు కూడా మచ్చలు పడతాయి.

గీకిన చోట శిలీంధ్రం పట్టకుండా పూసే బోర్డో పేస్టుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. అది సరిగా కలిసిందో లేదో ఇనుప చాకు ముంచి చూడటం పాత పద్ధతే. ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం తక్కువైనట్టు, ఇంకాస్త కలపాలి. ఆ పరీక్షకు కొత్త చాకు ముంచకండి స్వామీ, పాత కొడవలో ఇనుప మేకో చాలు.

చీనీ రసం, బంక, పేస్టు ఏది తగిలినా సాయంత్రానికి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, ఇరుసు దగ్గర తడి లేకుండా ఆరబెట్టండి. తర్వాత కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. వంటనూనె కొన్నాళ్లకు జిగటై మట్టిని పట్టేస్తుంది. పదును తగ్గితే సైకిల్ సాన మీద మాత్రం పెట్టించకండి. ఆ నిప్పురవ్వల వేడికి వాదర నీలంగా మారి ఉక్కు మెత్తబడుతుంది. నీళ్ల సానరాయి మీద ఓపిగ్గా రుద్దడమే.

అయినా తెగితే, పసుపో కాఫీపొడో అద్దకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. రక్తం చిమ్ముతుంటే నొక్కిపట్టే 108కి ఫోన్ చేయించండి. చిన్నగాయమే కదా అనిపించినా వేలు వంగకపోతేనో మొద్దుబారితేనో లోపల స్నాయువో నరమో తెగి ఉండొచ్చు, అదేరోజు ఆసుపత్రికి పోవాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి.

జేబు విషయం కూడా చెప్పాలి. తెరిచిన చాకుతో నిచ్చెన ఎక్కొద్దు, లుంగీ మడతలో దోపొద్దు. మన సీమలో జేబులో కత్తి అంటే జనం వేరేగా చూస్తారు, ఫ్యాక్షన్ సీమ అన్న పేరు ఊరికే రాలేదు. 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఆయుధాల నియమాల పట్టికలో ఉన్నాయి. వ్యవసాయానికి, ఇంటిపనికి చేసినవి అందులోకి రావు. మడత చాకు ఆ కొలతలకు చాలా చిన్నది. అలాగని పంచాయితీకో జాతరకో జేబులో వేసుకుని పోతే పోలీసుల దగ్గర కొలతలు చెప్పుకుంటూ నిలబడాలి. పని అయ్యాక మోటారు షెడ్డులో పెట్టి తాళం వేయండి. విమానమెక్కేటప్పుడు చేతి సంచిలో ఉంచకండి. తిరుమల పోయేటప్పుడైతే అలిపిరి తనిఖీ దాకా మోసుకెళ్లకుండా ఇంట్లోనే పెట్టి బయల్దేరండి.