యాప్ విఫలమైనప్పుడు వినియోగదారుల నమ్మకాన్ని నిలుపుకోవడం ఎలా?

యాప్‌లో లోపం తలెత్తితే చాలామంది సర్దుకుపోతారు గానీ, తమ డబ్బు ఏమైందో తెలియని స్థితిని మాత్రం సహించరు. అందువల్ల మరమ్మతును చెల్లింపుల దగ్గరే మొదలుపెట్టాలి. చెల్లింపు అభ్యర్థనకు సర్వర్ నుంచి జవాబు రానంత మాత్రాన అది విఫలమైందని ప్రకటించకూడదు, ఎందుకంటే డబ్బు అప్పటికే ఖాతా నుంచి వెళ్లి ఉండవచ్చు. ప్రతి లావాదేవీకి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్యను యాప్‌లోనే సృష్టించి, మళ్లీ ప్రయత్నించినప్పుడు కూడా అదే సంఖ్యను పంపి, సర్వర్ దానిని ఒక్కసారే అమలు చేసేలా చూస్తే, డబ్బు రెండుసార్లు కోత పడే ప్రమాదం తప్పుతుంది. ఈలోగా "చెల్లింపును నిర్ధారిస్తున్నాం, మళ్లీ చెల్లించకండి" అని తెరపై స్పష్టంగా చూపాలి. "ఏదో పొరపాటు జరిగింది" అనే సందేశం నా దృష్టిలో మౌనం కన్నా హీనం.

తాత్కాలిక నెట్‌వర్క్ లోపాలకు యాప్ తనంతట తానే మళ్లీ ప్రయత్నించవచ్చు. అయితే ప్రయత్నాల మధ్య వ్యవధిని ప్రతిసారీ పెంచుతూ, ఆ వ్యవధి ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉండేలా చూడాలి, లేకపోతే అప్పుడే కోలుకుంటున్న సర్వర్‌పై ఫోన్లన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. సగం నింపిన ఫారాలను ఫోన్‌లోనే భద్రపరచాలి.

ఆండ్రాయిడ్‌లో రోజువారీ వినియోగదారుల్లో 1.09 శాతానికి మించినవారు క్రాష్‌లను, అంటే యాప్ హఠాత్తుగా మూతపడటాన్ని, చవిచూస్తే గూగుల్ ప్లే ఆ యాప్‌ను తక్కువగా చూపవచ్చు, అంటే కొత్త ఆదాయానికీ గండి పడుతుంది. క్రాష్‌ల లెక్కతో పాటు, లోపం ఎదురైన వారిలో ఎందరు తిరిగి వచ్చి కొనుగోలు పూర్తి చేశారో కూడా కొలవాలి.