‘నేనెవరో తెలుసా’ అనే రోగితో వార్డులో మెలగడం ఎలా

మానసిక వార్డులో చేరిన మొదటి వారంలో ఎవరికీ ‘నార్సిసిస్ట్’ (తానే గొప్పన్న స్వభావం ఉన్నవాడు) అని ముద్ర వేయకండి. గొప్పలు చెప్పేవాళ్లందరిదీ ఆ స్వభావం కాదు. మానియాలో, అంటే మూడ్ విపరీతంగా ఉప్పొంగే జబ్బులో, ఉన్న మనిషీ అలాగే మాట్లాడతాడు. తేడా ముందుగా నిద్రలో కనబడుతుంది. మానియా అయితే రాత్రి రెండు మూడు గంటలు పడుకుని తెల్లారేసరికి హుషారుగా తిరుగుతుంటాడు, మాటకు అడ్డూ ఆపూ ఉండదు, ఇంటివాళ్లు ‘పదిరోజుల కిందట ఇలా లేడండి’ అంటారు. స్వభావమైతే ‘కుర్రతనం నుంచీ ఇంతేనండి’ అంటారు, మందులతో మూడ్ కుదుటపడ్డాక కూడా ఆ ధోరణి పోదు. తాగుడు మానిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చిరాకు మొదలవుతాయి. డెలీరియం (మతి తప్పిన అయోమయం) ఎక్కువగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. ఆ రోజుల్లో కసురుకుంటే అది అహంకారం కాదు. స్టెరాయిడ్లు వాడుతున్నాడేమో, థైరాయిడ్ ఉందేమో, తలకు దెబ్బ తగిలిందేమో కూడా కనుక్కోండి.

డెల్టాలో ఇంకో చిక్కుంది. ‘నాకు నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి, ఎమ్మెల్యే మావాడే’ అని ఎవరైనా అంటే అది అక్షరాలా నిజం కావచ్చు. కేస్‌షీటులో ‘గొప్పల భ్రమ’ అని రాసేముందు రోగి అనుమతితో ఇద్దరిని అడగండి. ఒకరు ఇంటివారైతే, రెండోవారు ఇంటి గొడవలతో సంబంధం లేనివారు కావాలి. ఆస్తి నిజమని తేలినంత మాత్రాన స్వాతిశయం లేదనీ కాదు. చూడాల్సినవి వేరు: పక్క మంచం వాడి బాధ పట్టకపోవడం, నియమాలు తనకు వర్తించవన్న నమ్మకం, చిన్నమాటకే భగ్గుమనడం. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5 ఉండి, అవి చాలాకాలంగా జీవితాన్ని దెబ్బతీస్తుంటేనే రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి విడిగా పేరే లేదు, తీవ్రత ఎంతో చూసి తర్వాత ధోరణులు రాస్తారు.

అరిచేవాడు అందరికీ కనిపిస్తాడు. ఇదే స్వభావమున్న రెండో రకం వాళ్లు మాత్రం మన కళ్లు తప్పిపోతుంటారు. నలుగురితో కూర్చుని తినరు, గ్రూపుకి రారు, తనను ఎవరూ గుర్తించలేదని లోలోపల ఉడికిపోతుంటారు. వీళ్లను ‘డిప్రెషన్’ అనో ‘సిగ్గరి’ అనో రాసేసి ఊరుకుంటాం.

రోగికి మర్యాద అడక్కుండానే ఇవ్వండి, మినహాయింపు అడిగినా ఇవ్వకండి. పేరు చివర ‘గారు’ తగిలించండి. ఆయన ‘ఏమ్మా, ఇలా రా’ అన్నా మీరు ‘చెప్పండి’ అనే అనండి. ‘పెద్ద డాక్టర్ని పిలు’ అంటే, ‘ఆయన పదింటికి రౌండ్స్‌కి వస్తారండి. మీ మాట రాసి పెడతాను, మీరే చెబుదురుగాని’ అనండి. పది నిమిషాలు మాట్లాడతానని మాటిస్తే ఆ టైముకి వెళ్లి తీరాలి, పదకొండో నిమిషంలో లేచి తీరాలి.

పని చెడేది ఎక్కువగా డ్యూటీ మారే దగ్గరే. రాత్రి సిస్టరు జాలిపడి ఫోను ఇస్తుంది, పొద్దున్న సిస్టరు ఇవ్వనంటుంది, ఆమె ఆయనకు శత్రువవుతుంది. ఫోను, ఇంటి క్యారేజీ, విడి గది, ఈ మూడింటి మీద మూడు షిఫ్టులూ చెప్పాల్సిన వాక్యం ఒకటే రాసి పుస్తకంలో పెట్టండి. ‘ఇక్కడ మనిషంటే మీరొక్కరే’ అని మిమ్మల్ని పొగిడితే, ఆ సంగతి అదే రోజు హ్యాండోవర్‌లో (డ్యూటీ అప్పగించేటప్పుడు) చెప్పేయండి. అలాంటి పొగడ్త వెనకే మినహాయింపు అడగడం ఉంటుంది.

కేస్‌షీటులో ‘అహంకారి’, ‘డ్రామా’ అని రాయకండి. ఆయన అన్న మాట, టైము, అంతకుముందు ఏం జరిగింది, ఇవి రాయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన రికార్డులు అడిగే హక్కు రోగికి ఉంది, అదీ గుర్తుంచుకోండి.

కోపం వచ్చినప్పుడు పదిమందిలో తప్పు ఎత్తి చూపకండి. పక్కకు తీసుకెళ్లి, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి, రెండు దారులు చెప్పండి: ‘ఇప్పుడు మాత్ర వేసుకుంటారా, టిఫిను తర్వాతా?’ బూతు వస్తే ‘ఆ మాట వద్దండి, పావుగంటలో మళ్లీ వస్తాను’ అని వెళ్లిపోండి, పావుగంటకు తప్పకుండా తిరిగి రండి. ఫిర్యాదు చేస్తానంటే కాగితం, పెన్ను ఇవ్వండి, అది ఆయన హక్కు. బుద్ధి చెప్పడానికి కట్టేయడం నేరం. అదే చట్టంలోని సెక్షన్ 97 ఒంటరి గదిలో బంధించడాన్ని నిషేధించింది. కట్టడం కూడా వెంటనే ప్రమాదం ఉండి, వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఆయన గొప్పలు ఆగిపోయిన రోజున. పరువు పోయిందనుకున్న క్షణంలో ఈ స్వభావం వాళ్లు డిప్రెషన్ లక్షణాలేమీ కనబడకుండానే ఆత్మహత్యకు సిద్ధపడవచ్చు. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి చెరువు పోయిందని కబురు రావడం, భార్య చూడ్డానికి రాకపోవడం, బంధువులకు విషయం తెలిసిపోవడం, రౌండ్స్‌లో పదిమంది ముందు డాక్టరు గద్దించడం, ఇవన్నీ అలాంటి క్షణాలే. నేరుగా అడగండి: ‘బతకడం వద్దనిపిస్తోందా? ఎలా చేసుకోవాలని ఆలోచన వచ్చిందా?’ అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అవునంటే డ్యూటీ డాక్టరుకు అప్పుడే చెప్పి, ఆయన్ను ఒంటరిగా వదలకండి.

ఈ స్వభావానికంటూ ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో మానియాకో మందు, స్వభావానికి చాలాకాలం సాగే మాటల వైద్యం. వార్డులో ఉన్నన్నాళ్లలో అది పూర్తికాదని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. చేనుకీ చెరువుకీ వాడే పురుగుమందులు డిశ్చార్జికి ముందే ఇంట్లోంచి తీయించండి. తాళం వేయడం చాలదు, మరొకరింట్లో ఉండాలి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోను లైను టెలీ మానస్ నంబరు 14416 ఆయనకూ ఇంటివాళ్లకూ రాసివ్వండి. వారంలోపు ఓపీకి తేదీ, టైము, డాక్టరు పేరుతో చీటీ ఇవ్వండి. జనంలో రెండు గంటలు క్యూలో నిలబెడితే ఈ రోగి మళ్లీ రాడు. రాని రోజున వార్డులో ఆయనకు బాగా అలవాటైన సిస్టరు చేత సాయంత్రంలోపు ఫోను చేయించండి.