తెలియని ఎయిర్‌పోర్టులో దిగడం – 3వ పాఠం: రన్‌వే కనిపించకముందే దాన్ని చూడటం

రెండో పాఠంలో ఏరోడ్రోమ్ చార్టు, అంటే ఎయిర్‌పోర్టు పటం, చదవడం నేర్చుకున్నాం. చార్టు మీకు కంఠతా వచ్చినా సరే, విమానంలో కూర్చుని ముందు అద్దంలోంచి చూసేసరికి దిక్కు తోచని పరిస్థితి రావచ్చు. చార్టులో ఉత్తరం చాలావరకు పైనే ఉంటుంది, మీ విమానం మాత్రం ఇంకెటో వెళ్తుంటుంది. ఎత్తు తగ్గించుకోవడం, చెక్‌లిస్టు, రేడియో, చుట్టూ తిరిగే ఇతర విమానాలు అన్నీ ఆ చివరి పది నిమిషాల్లోనే మీద పడతాయి. అలాంటప్పుడు బొమ్మను బుర్రలో తిప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ పని నేల మీదే చేసుకుని రావాలి.

ఉదాహరణకి విశాఖపట్నాన్నే తీసుకుందాం. రాజమండ్రి నుంచి సెస్నా 172 అనే చిన్న విమానంలో మొదటిసారి ఇక్కడికి వస్తున్నారనుకోండి. దూరం సుమారు 90 నాటికల్ మైళ్లు, హెడింగ్ (ఉత్తరం నుంచి డిగ్రీల్లో లెక్కేసిన ముక్కు దిశ) దాదాపు 065. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగ స్థావరంలో ఉంది, విమానాలకు రేడియోలో దారి చెప్పే టవర్ కూడా నేవీదే. ఫ్లైట్ ప్లాన్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్, ముందస్తు అనుమతుల సంగతి మొదటి పాఠంలో చెప్పుకున్నాం. అవన్నీ చేతికి వచ్చాయనే అనుకుని మొదలుపెడదాం.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. మధ్యలో రన్‌వే గీత గీయండి. ఇక్కడి ప్రధాన రన్‌వే 10/28, పొడవు సుమారు 3,050 మీటర్లు. తూర్పు, పడమరలకు కాస్త ఏటవాలుగా ఉంటుంది. ఇప్పుడు చివరల్లో అంకెలు వేయండి. చాలామంది తడబడేది ఇక్కడే. 28 అంటే దిగేటప్పుడు ముక్కు 280 వైపు, అంటే పడమర వైపు ఉంటుంది. కానీ ఆ 28 అంకె రాసి ఉండేది తూర్పు చివర. ఆ అంకె మీదుగా వచ్చి పడమరకు సాగుతూ దిగుతాం. 28ని పడమర చివర వేశారంటే ఆ తర్వాత గీసేదంతా తలకిందులవుతుంది. వేసిన అంకె మీద వేలు పెట్టి, దిగే దిశలో వేలిని ఒకసారి జరిపి చూడండి.

తర్వాత మీరు వచ్చే దారిని బాణంగా గీయండి. నైరుతి నుంచి వస్తున్నారు కాబట్టి బాణం కాగితంలో ఎడమ కింది మూల నుంచి మధ్యకు వస్తుంది. ఇప్పుడు వేసుకోవాల్సిన అసలు ప్రశ్న: రన్‌వే గీతను రెండు వైపులా పొడిగిస్తే నేను దానికి ఏ పక్కన ఉన్నాను? ఇక్కడ దక్షిణం పక్కన. గాలి 250 నుంచి ఎనిమిది నాట్లు ఉండి, టవర్ రన్‌వే 28 ఇచ్చిందనుకోండి. దక్షిణం పక్కన తూర్పుకు, అంటే 100 హెడింగ్‌లో వెళ్తే రన్‌వే మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. దిగే దిశకు ఎదురు దిశలో, రన్‌వేకి సమాంతరంగా సాగే దారిని డౌన్‌విండ్ అంటారు. రన్‌వే ఎడమ చేతి వైపు ఉంది కాబట్టి ఇది లెఫ్ట్ డౌన్‌విండ్. 065లో వస్తున్న మీరు 35 డిగ్రీలు కుడికి తిరిగితే చాలు. ఈ సంగతి ఇంట్లోనే తెలిస్తే టవర్ మాట చెవిన పడగానే అర్థమవుతుంది. నిజంగా ఎటు తిరగాలో చెప్పేది మాత్రం టవరే. మన లెక్క ఆ మాటను సరిచూసుకోవడానికి.

ఇక కాక్‌పిట్‌లోకి వద్దాం. ముక్కు ఎటుందో చూపించే హెడింగ్ ఇండికేటర్‌ను దగ్గరగా చూడండి. అద్దం మీద చిన్న విమానం బొమ్మ కదలకుండా ఉంటుంది, వెనక అంకెల చక్రం తిరుగుతుంది. అంకెల్లో చివరి సున్నా ఉండదు: 060కి 6, 330కి 33. రన్‌వే అంకెలదీ ఇదే పద్ధతి. 28 అని విడిగా రాసి ఉండదు, పడమరను చూపించే డబ్ల్యూ దాటాక వచ్చే మొదటి పెద్ద గీతే 28.

ఎయిర్‌పోర్టు వైపు తిన్నగా వెళ్తున్నప్పుడు ఆ చక్రం నడిమధ్యనే ఎయిర్‌పోర్టు అనుకోండి. మీరు చక్రం అడుగున, గడియారంలో ఆరు ఉండేచోట ఉన్నట్టు లెక్క. చక్రం పైభాగాన 065 ఉంటే 28 గీత ఏడు దగ్గర, 10 గీత ఒంటిగంట దగ్గర కనిపిస్తాయి. ఆ రెండింటినీ కలుపుతూ మనసులో ఒక గీత గీస్తే అదే రన్‌వే, మీ ముక్కు ఎటుందో దానికి తగ్గట్టే తిరిగి ఉంటుంది. ఆరు దగ్గరున్న మీరు ఆ గీతకు కుడి పక్కన ఉన్నారు. కాగితం మీద తేలిన జవాబే ఇక్కడా వచ్చింది. ఇంకా పది మైళ్ల దూరం ఉండగానే, కంటికి ఏమీ ఆనకముందే, రన్‌వే ఎలా పడుకుని ఉంటుందో మీకు తెలిసిపోయింది. ఈ ఒక్క అలవాటు కోసమే ఈ పాఠం రాయాలనిపించింది.

అయితే ఈ లెక్కంతా చక్రం సరిగ్గా ఉంటేనే. ఆ చక్రాన్ని నడిపే జైరో (వేగంగా తిరిగే బిళ్ల) మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటుంది. పది, పదిహేను నిమిషాలకోసారి విమానం నిలకడగా, తిన్నగా వెళ్తున్నప్పుడు మాగ్నెటిక్ కంపాస్‌తో సరిచూసి నాబ్ తిప్పి సర్దుకోవాలి. అనకాపల్లి దగ్గరికి వచ్చేసరికి ఒకసారి తప్పనిసరిగా చేయండి. ఇరవై డిగ్రీలు తేడా ఉంటే మీరు ఊహించుకున్న రన్‌వే కూడా ఇరవై డిగ్రీలు పక్కకు పోతుంది.

విశాఖలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 10/28 వచ్చింది 2007లో. అంతకుముందున్న పాత రన్‌వే 05/23, పొడవు సుమారు 1,830 మీటర్లు. 065లో వచ్చే పైలట్‌కి ఈ పాత పట్టీ దాదాపు ముక్కుకు ఎదురుగా పడుతుంది. పైగా బయల్దేరిన రాజమండ్రిలోనూ రన్‌వే 05/23యే. అలసిన కన్ను తిన్నగా కనిపించిన దాన్నే "ఇదే" అనేస్తుంది. మనకు ఇచ్చింది 28, అది మనకు అడ్డంగా ఏటవాలుగా ఉండాలి అని ముందే అనుకుని ఉంటే ఆ పొరపాటు దగ్గరికి రాదు.

ఇది కొత్త పైలట్ల సమస్య మాత్రమే అనుకోవద్దు. 1972 సెప్టెంబర్ 24న బొంబాయిలో శాంతాక్రజ్‌లో దిగాల్సిన జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 విమానం పొరపాటున జుహూలో దిగి, పొట్టి రన్‌వే దాటి బయటికి దూసుకెళ్లింది. ప్రాణనష్టం లేదు కానీ విమానం మళ్లీ పనికి రాలేదు. రెండు ఎయిర్‌పోర్టులూ పక్కపక్కనే ఉన్నాయి, జుహూ రన్‌వే 08/26, శాంతాక్రజ్‌ది 09/27. హెడింగ్ ఒక్కటీ చూసుకుంటే అక్కడ సరిపోదు, నేల మీది గుర్తులూ కావాలి.

గుర్తులు మూడు చాలు, ఎక్కువైతే వెతుకులాటే మిగులుతుంది. ప్రతి గుర్తుకీ అది ఏ పక్కన ఉండాలో జత చేసి రాసుకోండి. మన దారిలో అనకాపల్లి, దాన్ని ఆనుకుని వెళ్లే హైవే, రైలు పట్టాలు ఎడమ పక్కన. ఆ తర్వాత స్టీల్ ప్లాంట్ చిమ్నీలు కుడి పక్కన, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ ఎడమ పక్కన, ఆ రెండింటి నడుమ దారిలో ఎదురుగా ఎయిర్‌పోర్టు. ఎండాకాలంలో రిజర్వాయర్ నీళ్లు తగ్గి ఆకారం మారవచ్చు కాబట్టి దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. శీతాకాలం పొద్దున్న పొగమంచు ఉంటే చిమ్నీలు కూడా ఆలస్యంగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద గుర్తు సముద్రం. రాజమండ్రి నుంచి వచ్చినంతసేపూ కుడి పక్కనే ఉండాలి. డౌన్‌విండ్‌లో ముందుకు, కుడికి వస్తుంది. 28 ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగుతూ వచ్చే చివరి దారిలో, వెనక్కి వెళ్లిపోతుంది, కుడి పక్కన సింహాచలం కొండ, ఎడమ పక్కన గాజువాక వైపు ఊరు. ఫైనల్‌లో ముక్కు ముందు సముద్రం కనబడుతోందంటే మీరు దిగుతున్నది 28 మీద కాదు.

ఫైనల్‌లో మూడు ఒకటవ్వాలి: టవర్ చెప్పిన అంకె, చక్రం పైన ఉన్న హెడింగ్, రన్‌వే మీద రాసిన అంకె. ఆ అంకెను పైకే చదవండి. మూడింట్లో ఏ ఒక్కటి కలవకపోయినా ఆలోచిస్తూ కిందికి పోవద్దు, వెంటనే గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం. టవర్‌తో మొదటి కాల్‌లోనే "ఈ ఎయిర్‌పోర్టుకి మొదటిసారి వస్తున్నాను" అని చెప్పండి. నామోషీ పడాల్సిన పనేం లేదు, కంట్రోలర్ మీకు ఇంకాస్త విడమరిచి చెప్తారు. చెప్పింది అర్థం కాకపోతే "సే అగైన్" అనండి.

ఈ వారం అభ్యాసం రెండు బొమ్మలు. ఒకటి: ఇదే దారిలో వస్తుండగా గాలి మారి టవర్ రన్‌వే 10 ఇచ్చింది. ఏ పక్క డౌన్‌విండ్ అవుతుంది, లేదా తిన్నగా ఫైనల్‌కి రావాలంటే ఎటు, ఎన్ని డిగ్రీలు తిరగాలి? రెండు: శ్రీకాకుళం వైపు నుంచి 230 హెడింగ్‌లో వస్తున్నారు, ఇచ్చింది 28. చక్రం మీద 28, 10 గీతలు గడియారంలో ఎక్కడెక్కడ పడతాయి, సముద్రం ఏ చేతి వైపు ఉంటుంది? ముందు కాగితం మీద గీసి, ఆ తర్వాతే సిమ్యులేటర్‌లో పెట్టి చూసుకోండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం దిగాక రన్‌వే వదిలి, తెలియని టాక్సీవేల (రన్‌వేని పార్కింగ్‌తో కలిపే దారుల) మీద పార్కింగ్ దాకా వెళ్లడం గురించి.