ఖాళీ ప్లాటులో కాలనీ తోట ఎలా పెట్టాలి?

అనంతపురంలో ఏ కాలనీకి వెళ్లినా ఇళ్ల మధ్య కంపచెట్లు మొలిచిన ప్లాటు ఒకటైనా ఉంటుంది. ఓనర్ ఇల్లు మొదలుపెట్టేదాకా వీధివాళ్లంతా కలిసి అందులో కూరగాయలు వేసుకోవచ్చు. నేను అలా మూడు ప్లాట్లలో వేశాను, రెండు ఖాళీ చేసి ఇచ్చాను కూడా. అందుకే చెప్తున్నా, నేలలో ఏదీ నాటొద్దు. అంతా సంచుల్లోనే. మునగ, బొప్పాయి జోలికి అసలు పోవద్దు.

ముందు ఓనర్‌తో తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాయించుకోండి: ఎన్నాళ్లు ఇస్తున్నారు, ఖాళీ చేయమని ఎన్ని రోజుల ముందు చెప్తారు. నీళ్లు ఎవరి బోరువి, కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి, అదీ అప్పుడే తేల్చుకోండి. నేను చూసిన తగాదాలన్నీ ఆ బిల్లు దగ్గరే మొదలయ్యాయి.

పార, గంప, నీళ్ల పైపు, గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) చాలు. పాత సిమెంటు సంచులు మన ఎండకు పొడిపొడిగా రాలిపోతాయి. కంప కొట్టించి, గాజుపెంకులు ఏరేసి, సంచుల కింద ఇటుకలు పెట్టండి.

ఇక మట్టి. తోటలు పాడయ్యేది ఇక్కడే. ఎర్రమట్టి ఒక్కటే నింపితే నాలుగు తడులకే బిగుసుకుపోతుంది. పోసిన నీళ్లు సంచి అంచుల వెంట జారి కిందికి కారిపోతాయి, వేరుకు అందవు. రెండు గంపల ఎర్రమట్టికి ఒక గంప మాగిన పశువుల ఎరువు, అర గంప ఇసుక కలపండి. సంచికి ఒక గుప్పెడు వేపపిండి.

మాగిన ఎరువు అన్నానని గుర్తుంచుకోండి. అమ్మేవాడు "ఏడాది దిబ్బ సార్" అనే అంటాడు. దిబ్బ మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా, గడ్డిపోచలు విడివిడిగా కనపడినా తీసుకోవద్దు. ఒక ఏడాది వానలొస్తున్నాయన్న తొందరలో నేను ఈ పని చేయలేదు. వారం తిరక్కుండానే టమాటా నారు ఆకుల అంచులు మాడిపోయాయి, సంచుల అడుగున చెదలు. అప్పటినుంచి ఒక డబ్బాలో ఆ ఎరువు కలిపిన మట్టి పోసి పిడికెడు మెంతులు చల్లి చూస్తున్నా. నాలుగైదు రోజుల్లో సమంగా మొలిస్తేనే సంచులు నింపుతా. నింపేముందు తడి మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడకపోతే ఇంకాస్త ఇసుక వెయ్యండి.

వీడియోల్లో కోకోపీట్ కొనమంటారు. శెనక్కాయలు పండే జిల్లాలో ఉండి కొబ్బరిపొట్టు కొనడమేంది? శెనక్కాయ పొట్టు తెచ్చి సంచిలో మట్టిపైన రెండు వేళ్ల మందాన పరవండి, తడి నిలుస్తుంది. మట్టిలో మాత్రం కలపొద్దు. పచ్చి పొట్టు కుళ్లేటప్పుడు నత్రజనిని లాక్కుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి.

జూన్, జులైల్లో మొదలుపెట్టండి. ముందు గోంగూర, మెంతికూర, పాలకూర. తర్వాత మటిక్కాయలు (గోరుచిక్కుడు), అలసందలు, టమాటా. నీళ్లు పొద్దున్నే పోయండి.

ఓనర్ ఖాళీ చేయమన్న రోజున కంగారు పడొద్దు. సంచులు ఎత్తే ముందు రెండు రోజులు నీళ్లు ఆపండి. తడి సంచి ఎత్తితే దాని చెవులు తెగుతాయి, మీ నడుమూ పట్టేస్తుంది.