వాలు పెరట్లో కొలను: నీరు పోతున్న చోటు దొరికిన తీరు

విశాఖపట్నంలో కొండవాలున ఉన్న మా పెరట్లో కొలను, అందులోకి దిగే చిన్న సెలయేరు కట్టించిన మొదటి వారంలో, కొలను నీటిని సెలయేటి పైభాగానికి ఎక్కించే మోటారు రాత్రంతా నడిస్తే తెల్లవారేసరికి నీటిమట్టం జానెడు తగ్గిపోయేది. నీరు నేలలోకి ఇంకకుండా అడుగున పరిచిన షీటుకు చిల్లు పడిందనుకొని నీరంతా తోడించి, అంగుళం అంగుళం తడిమి చూసినా ఏమీ కనబడలేదు.

చివరికి కొలను మళ్ళీ నింపి, మోటారు ఆపి, ఒక రోజంతా వదిలేశాను. మట్టం దాదాపు కదలలేదు కనుక లోపం కొలనులో కాక సెలయేటిలోనే ఉందని తేలింది. మోటారు వేసి గట్టు పక్కన కూర్చుని గమనిస్తే, రెండో మెట్టు దగ్గర రాయి అడ్డుపడి ఉబికిన నీరు, షీటు అంచు దాటి ఎర్రమట్టిలోకి సన్నని దారంలా జారుతోంది. పల్లపు వైపు కొత్తగా పోసిన మట్టి కుంగి, అక్కడి అంచు రెండంగుళాలు దిగిపోయింది.

వాలు నేలలో కంటి అంచనాను నమ్మకూడదు. తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టంతో ఇరువైపులా మట్టం సరిచూసి, పల్లపు గట్టుపై మట్టిని పలుచని పొరలుగా వేయించి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించి, షీటు అంచును నీటికన్నా అరడుగు ఎత్తున నిలిపి రాళ్ళతో బిగించాను. మోటారు ఆపగానే సెలయేటి నీరంతా ఒక్కసారిగా కిందికి చేరుతుంది కనుక, కొలనును అంచుకు నాలుగంగుళాలు తక్కువగానే నింపుతున్నాను.