ఎర్రర్ మెసేజ్ రాయడం నేర్చుకుందాం, 4వ భాగం: "కనెక్ట్ కాలేదు" అంటే ఎక్కడ ఆగింది?

పోయిన భాగంలో ఫైల్ దొరకనప్పుడు వచ్చే మెసేజ్‌లు సరిచేశాం, అది తేలికే, ఫైల్ ఉందా లేదా అంతే. నెట్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి "కనెక్షన్ ఫెయిల్డ్" అనే ఒక్క లైను వెనక నాలుగైదు కారణాలుంటాయి, ఒక్కోదాన్ని సరిచేసేది ఒక్కో టీమ్. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ కుర్రాడు, రాత్రి రెండింటికి డిప్లాయ్‌మెంట్ ఆగిపోయింది, స్క్రీన్ మీద ఆ ఒక్క లైనే ఉంది, ఇప్పుడు ఎవర్ని నిద్ర లేపాలి? మనం మెసేజ్ రాసేది అతని కోసం.

ముందు తేడాలు పట్టుకుందాం. ఫోన్ చేసినట్టే అనుకోండి. పేరు దొరకలేదు అంటే డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది) దగ్గరే ఆగాం, డయల్ చెయ్యడానికి నంబరే లేదు. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే అవతల కట్ చేశారు: చాలాసార్లు మెషీన్ బానే ఉంటుంది, ఆ పోర్ట్ (మెషీన్‌లో ఒక్కో సర్వీస్‌కి ఉండే నంబరు) మీద సర్వీసే నడవట్లేదు. టైమవుట్ అంటే రింగవుతూనే ఉంది, జవాబు లేదు: చాలాసార్లు మెషీన్ ఆఫ్ అయినా అయ్యుండాలి, మధ్యలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలాదారు) ప్యాకెట్లని, అంటే మనం పంపే డేటా ముక్కల్ని, చప్పుడు చెయ్యకుండా పారేస్తూ అయినా ఉండాలి. ఈ టైమవుట్‌తో ఇంకో తలనొప్పి ఉంది, మీరు టైమ్ పెట్టకపోతే లినక్స్ డిఫాల్ట్‌గా మొదటి ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపి రెండు నిమిషాలకి పైగా చూస్తుంది, ఈలోపు "స్క్రిప్ట్ హ్యాంగ్ అయింది అన్నా" అని మెసేజ్ వచ్చేస్తుంది.

ఆన్సిబుల్ (చాలా సర్వర్లని ఒకేసారి సెట్ చేసే టూల్) వాడేవాళ్లకి ఒక మాట. ఎస్‌ఎస్‌హెచ్ కీ (సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే తాళం ఫైల్) తప్పైనా అది "అన్‌రీచబుల్" అనే చూపిస్తుంది, నెట్‌వర్క్‌కి దాంతో సంబంధమే లేదు. ఆ పెద్ద అక్షరాలు చూడగానే నెట్‌వర్క్ టీమ్ మీద పడకండి, చివర్లో పర్మిషన్ డినైడ్ అని ఉందేమో చదవండి.

ఇక కోడ్. పైథాన్‌లో కనెక్షన్‌రిఫ్యూజ్డ్‌ఎర్రర్, టైమవుట్‌ఎర్రర్, డీఎన్‌ఎస్‌కి వచ్చే సాకెట్ గాయ్‌ఎర్రర్, అన్నీ ఓఎస్‌ఎర్రర్ అనే పెద్ద రకం కిందికొచ్చే పిల్లలే. ఎక్సెప్ట్‌లలో పైన ఓఎస్‌ఎర్రర్ పట్టేస్తే కింద రాసినవి ఎప్పటికీ రావు, కాబట్టి పిల్లల్ని ముందు పట్టి ఓఎస్‌ఎర్రర్‌ని చివర్లో పెట్టండి. సొంత ఎర్రర్ లేపేటప్పుడు "రెయిజ్ … ఫ్రమ్ ఈ" అని రాయండి, అసలు ఎర్రర్ కూడా వెంట వస్తుంది.

మెసేజ్ ఇలా ఉండాలి:

"బిల్డ్-1 నుంచి డీబీ-02, ఐపీ 10.20.4.15, పోర్ట్ 5432కి కనెక్ట్ కాలేదు: 10 సెకన్లలో జవాబు రాలేదు. మైగ్రేషన్ మొదలవ్వలేదు, డేటాబేస్‌లో ఏమీ మారలేదు."

ఎక్కడి నుంచి అన్నది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం అదే, ఎందుకంటే వీపీఎన్ వేసుకున్న మీ ల్యాప్‌టాప్ నుంచి అదే డేటాబేస్ చక్కగా తగులుతుంది, "నాకు పనిచేస్తోందే" అని గంట వాదన నడుస్తుంది. ఐపీ కనిపిస్తోందంటే డీఎన్‌ఎస్ దాటామని వేరే చెప్పక్కర్లేదు. మైగ్రేషన్ అంటే డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే పని, అందుకే చివరి వాక్యం చూసి మళ్లీ రన్ చెయ్యొచ్చా లేదా అని ఆ కుర్రాడే తేల్చుకుంటాడు. "మీ ఫైర్‌వాల్ సరిగ్గా లేదు" లాంటి జోస్యాలు మాత్రం వద్దు, స్క్రిప్ట్‌కి తెలిసింది జవాబు రాలేదని, అంతవరకే చెప్పాలి. ఇంకా కనెక్షన్ స్ట్రింగ్ (సర్వర్, యూజర్, పాస్‌వర్డ్ అన్నీ ఉండే లైను) మొత్తం ప్రింట్ చేస్తే పాస్‌వర్డ్ కూడా లాగ్‌లో పడుతుంది, జాగ్రత్త.

హోంవర్క్: మీ స్క్రిప్ట్‌తో మూడు చోట్లకి కనెక్ట్ చేసి చూడండి. 127.0.0.1లో, అంటే మీ సొంత మెషీన్‌లోనే, ఎవరూ వాడని పోర్ట్‌కి పంపితే రిఫ్యూజ్డ్ వస్తుంది. 192.0.2.1కి పంపితే మామూలుగా టైమవుట్, ఆ అడ్రస్‌లు ఉదాహరణల కోసమే పక్కన పెట్టారు. చివర "డాట్ ఇన్‌వ్యాలిడ్" ఉన్న ఏదో ఒక పేరు ఇస్తే డీఎన్‌ఎస్ దగ్గరే ఆగాలి. మూడింటికీ ఒకే లైను వస్తోందంటే పైన ఎక్కడో ఓఎస్‌ఎర్రర్ మింగేస్తోంది, అది వెతికి తీశాకే 5వ భాగానికి రండి, అందులో రీట్రైలు, ఈ ఎర్రర్లలో ఏది వస్తే మళ్లీ ప్రయత్నించాలో ఏది వస్తే వెంటనే ఆపాలో చూద్దాం.