పాత కారు ఇంజన్ మిస్ కొడుతోందా? పార్టులు కొనేముందు ఇలా కనిపెట్టండి

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, సైలెన్సర్ లయ తప్పి ఫట్ ఫట్ అంటుంది, ఏసీ వేసుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. మెకానిక్‌లు మిస్సింగ్ అనేది దీన్నే. ఇంజన్‌లో పెట్రోలు మండే గదుల్నే సిలిండర్లంటారు, వాటిలో ఏదో ఒకదాంట్లో పెట్రోలు సరిగా మండట్లేదన్నమాట.

బెంగళూరులో నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్న మూడో వారమే ఇది మొదలైంది. మెకానిక్ ఒక నిమిషం విని "కాయిల్స్ నాలుగూ మార్చేద్దాం సార్" అన్నాడు, నేనూ సరే అన్నాను. (సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించేది ప్లగ్, దానికి వేల వోల్టుల కరెంటు పంపేది కాయిల్.) డబ్బు పోయింది, మిస్సింగ్ పోలేదు. అందుకే చెప్తున్నా, కొత్తది కొనకండి, ముందు ఉన్నవాటినే అటుదిటు చేసి చూడండి.

మొదట ఎప్పుడు మిస్ కొడుతోందో గమనించండి. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే కొట్టి, యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటే ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు, లేదా ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రోటిల్ బాడీకి మడ్డి పట్టి ఉండొచ్చు. బానెట్ ఎత్తి, ఇంజన్ గాలి పీల్చే దారికి కలిపిన వ్యాక్యూమ్ పైపుల దగ్గర బుస్సుమనే శబ్దం వస్తోందేమో వినండి. ఎత్తు ఎక్కేటప్పుడే కొడితే ప్లగ్, కాయిల్ మీద అనుమానం. వాన పడ్డాకో, కారు కడిగించాకో మొదలైతే ప్లగ్‌లు దిగి ఉండే గుంతల్లో నీళ్లు చేరాయేమో చూడాలి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఉంటే జాగ్రత్తగా ఇంటికి చేరొచ్చు కానీ, ఆరి వెలుగుతూ మినుకుమంటుంటే మాత్రం పక్కకి ఆపేయండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండుతుంది, అది పాడైతే ఖర్చు మామూలుగా ఉండదు.

ఇప్పుడు ఏ సిలిండరో తేలాలి. కారు కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్‌లు చదివే, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ ఉంటే పని సులువు: పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అలా. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని కాదు, అక్కడక్కడా కొడుతోందని. బాగా పాత బండ్లలో ఈ కోడ్‌లు రాకపోవచ్చు, అప్పుడు ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోలు చిమ్మేది) కనెక్టర్ పీకి మళ్లీ పెట్టండి. పీకగానే ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ మంచిదే. పీకినా తేడా తెలియలేదా, దొంగ అక్కడే ఉన్నాడు. ఇంజన్ తిరుగుతుండగా ప్లగ్ వైరు మాత్రం పీకొద్దు, వేల వోల్టులు ఉంటాయి, చేయి జివ్వుమంటుంది.

ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, అనుమానం ఉన్న సిలిండర్ కాయిల్‌ని పక్కదానితో మార్చండి. కోడ్‌లు చెరిపి ఒక రౌండు వేసి రండి. రెండోదాన్ని మూడోదానితో మార్చాక పీ0302 కాస్తా పీ0303 అయితే తప్పు కాయిల్‌దే. కోడ్ అక్కడే ఉండిపోతే ఈసారి ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్ అలాగే మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపితే తప్పు దేనిదో తెలియదు. ప్లగ్ వైర్లున్న బండి అయితే విప్పేముందు టేపు అంటించి నంబర్లు రాసుకోండి, తారుమారైతే కొత్త మిస్సింగ్ మీరే తెచ్చుకున్నట్టు.

ప్లగ్ ఊడదీశాక దాని మొహం చూడండి. లేత గోధుమరంగు ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్క్ రావట్లేదు. కొన మీద జిడ్డుగా ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, ప్లగ్ బిగిసే అల్యూమినియం హెడ్ మర పోతే ఏడవాల్సిందే.

నా కారులో తేడా ప్లగ్ కొనలో లేదు. రెండో గుంతలోకి టార్చి వేస్తే అడుగున నల్లగా ఆయిల్ మెరుస్తోంది, కాయిల్ రబ్బరు బూటు ఉబ్బి మెత్తబడిపోయింది. టాపెట్ కవర్, అంటే ఇంజన్ పైమూత గ్యాస్కెట్ లీకు. మెకానిక్ ఆ ఆయిల్‌లోనే కొత్త కాయిల్ దించేశాడు! గ్యాస్కెట్, గుంతల సీళ్లు జేసీ రోడ్డులో దొరికాయి.

ఇవన్నీ బాగున్నా మిస్ కొడుతుంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల రీడింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువై, పైగా కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ కావచ్చు, ఇక అది ఇంట్లో చేసే పని కాదు.

అప్పుడు తీసేసిన పాత కాయిల్స్‌లో మూడు మంచివే. డిక్కీలో ఉంచుకున్నాను, ఈసారి మార్చి చూడ్డానికి పనికొస్తాయి.